గుహల్లో నిలిచిన పాత వానలు, పాత అడవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేల ఏళ్ళ కిందటి వాతావరణం గురించి తెలుసుకోవడానికి గుహలోకే ఎందుకు వెళ్ళాలి?

ఆరుబయట నేల మీద పడినదేదీ ఎక్కువ కాలం నిలవదు. వాన కోసేస్తుంది, ఎండ పగలగొడుతుంది, నాగలి తిరగవేస్తుంది, చెదలు తినేస్తాయి. లోతైన గుహలో ఇవేవీ ఉండవు. వెలుతురు చేరని చోట ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది, అదీ బయటి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. గాలిలో తేమ తరచుగా నూటికి నూరు శాతానికి చేరువలో ఉంటుంది. అందువల్ల పైకప్పు నుంచి జారిన నీటిబొట్టు వదిలిన సున్నపు పొర, వరద మోసుకొచ్చిన మట్టి, గబ్బిలాలు రాల్చిన పెంట, దుమ్ములగొండి ఈడ్చుకొచ్చిన ఎముక, గాలికి కొట్టుకొచ్చిన పుప్పొడి ఒకదాని మీద ఒకటి పేరుకుని, చాలాచోట్ల వరుస చెదరకుండా మిగులుతాయి. ఈ ఆధారాల్లో కొన్ని ముఖ్యంగా వాన గురించి చెబుతాయి, కొన్ని మొక్కల గురించి, కొన్ని జంతువుల గురించి. ఏ ఒక్క ఆధారమూ మొత్తం కథ చెప్పదు.

అన్ని గుహలూ ఇందుకు పనికివస్తాయా?

రావు. వాన చరిత్ర కావాలంటే సున్నపురాయి, డోలమైట్, చలువరాయి వంటి కార్బొనేటు శిలల్లో నీరు తొలిచిన గుహలు కావాలి. ఉండవల్లి గుహలు మనుషులు ఉలితో ఇసుకరాతిలో తొలిచినవి, అజంతా గుహలు నల్లరాతిలో చెక్కినవి. చరిత్రకారులకు అవి ఎంత విలువైనవైనా సున్నపు పొరలు వెతికేవారికి పనికిరావు. బెలుం, యాగంటి, బేతంచెర్ల చుట్టుపక్కల గుహలు, అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు సహజంగా ఏర్పడినవి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. రాయి వయసు వేరు, రాతిలో ఏర్పడిన గుహ వయసు వేరు, గుహలో పేరుకున్న నిక్షేపాల వయసు వేరు. కర్నూలు, నంద్యాల ప్రాంతపు సున్నపురాళ్ళు జంతువులు పుట్టక ముందటివి, కోట్ల ఏళ్ళనాటివి. వాటిలోని గుహల్లో మనం చదవగలిగే మట్టి, ఎముకలు, స్టాలగ్మైట్లు (నేల నుంచి పైకి లేచే సున్నపు స్తంభాలు) మాత్రం వేల ఏళ్ళవి, మహా అయితే కొన్ని లక్షల ఏళ్ళవి. పర్యాటక కేంద్రాల్లో వినిపించే పెద్ద పెద్ద అంకెలు సాధారణంగా రాయికి చెందినవే అయి ఉంటాయి.

స్టాలగ్మైట్ ఎలా పెరుగుతుంది? అందులో వాన ఎలా నమోదవుతుంది?

వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు, మొక్కల వేళ్ళు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డై ఆక్సైడును కరిగించుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు కింది సున్నపురాతి పగుళ్ళలోంచి దిగుతూ రాతిని కరిగించుకుంటుంది. గుహ గాలిలో కార్బన్ డై ఆక్సైడు మట్టిలో కన్నా తక్కువ కాబట్టి, నీటిబొట్టు గుహలోకి రాగానే అందులోని వాయువు బయటికి పోయి, కరిగిన సున్నం కాల్సైటుగా మళ్ళీ గట్టిపడుతుంది. పైకప్పు నుంచి వేలాడేది స్టాలక్టైట్, బొట్టు పడిన చోట నేల నుంచి పైకి లేచేది స్టాలగ్మైట్. బొర్రా గుహల్లో శివలింగంగా పూజలందుకునే ఆకృతి కూడా ఇటువంటిదే. పొరలు ఒకదాని మీద ఒకటి వరుసగా పేర్చినట్టు ఉంటాయి కాబట్టి పరిశోధకులు ఎక్కువగా స్టాలగ్మైట్‌నే ఎంచుకుంటారు.

దాని పెరుగుదల చాలా నిదానం. తరచుగా ఏడాదికి మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు వరకు ఉంటుంది. పదో వంతు చొప్పున పెరిగినా మీటరు ఎత్తుకు 10,000 ఏళ్ళు పడుతుంది. బొట్టు ఆగిపోతే పెరుగుదలా ఆగిపోతుంది, ఆ విరామం కూడా పొరల్లో గీతగా కనిపిస్తుంది. అయితే విరామం ఉన్నంత మాత్రాన కరువు వచ్చిందని తేల్చకూడదు. పైనున్న పగులు పూడిపోయి బొట్టు పక్కకు మళ్ళినా అదే గీత పడుతుంది.

ఆ పొరల వయసు ఎలా లెక్కకడతారు? కార్బన్-14 సరిపోదా?

కార్బన్-14 అంటే కాలం గడిచే కొద్దీ తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్. అది ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. బొట్టులోని కార్బన్‌లో కొంత భాగం మట్టి నుంచి, కొంత కోట్ల ఏళ్ళనాటి సున్నపురాయి నుంచి వస్తుంది. రాతి కార్బన్‌లో రేడియోధార్మికత ఎప్పుడో నశించింది కాబట్టి, కొత్త పొర కూడా ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది.

అందుకని యురేనియం-థోరియం పద్ధతిని వాడతారు. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి కాల్సైటు గట్టిపడిన రోజున అందులో యురేనియం ఉంటుంది గాని థోరియం ఉండదు. ఆ తరువాత యురేనియం-234 క్షయమవుతూ థోరియం-230 పేరుకుంటుంది. థోరియం-230 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, సుమారు 75,600 ఏళ్ళు. రెండింటి నిష్పత్తిని కొలిస్తే పొర వయసు వస్తుంది, ఈ గడియారం సుమారు ఆరు లక్షల ఏళ్ళ దాకా పనిచేస్తుంది. బొట్టుతో పాటు బురద చేరితే దానితో వచ్చిన పరాయి థోరియం లెక్కను చెడగొడుతుంది. అందుకే శుభ్రంగా, గాజులా ఉన్న కాల్సైటు దొరికితే ప్రయోగశాలలో పండుగే. కొన్ని స్టాలగ్మైట్లలో చెట్టు వలయాల్లాగా ఏడాదికో పొర కనిపిస్తుంది. అప్పుడు ఆ పొరల లెక్కను థోరియం వయసుతో సరిపోల్చి చూసుకోవచ్చు.

ఆక్సిజన్ ఐసోటోపులు వానను సూటిగా కొలుస్తాయా?

సూటిగా కొలవవు. నీటిలో తేలిక ఆక్సిజన్-16తో పాటు కొద్దిపాటి బరువైన ఆక్సిజన్-18 ఉంటుంది. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలనే ఐసోటోపులంటారు. మేఘం ప్రయాణిస్తూ వర్షించే కొద్దీ బరువైనది ముందు రాలిపోతుంది, మిగిలిన ఆవిరి తేలికపడుతుంది. రుతుపవనాలు బలంగా ఉన్న కాలంలో మన ప్రాంతాల వాననీటిలో ఆక్సిజన్-18 పాలు సాధారణంగా తగ్గుతుంది. ఆ నీటితో ఏర్పడిన కాల్సైటులోనూ తగ్గుతుంది. ఇది ఉష్ణమండలంలో ఎక్కువగా వాడే సూత్రం.

అయితే అదే అంకె మారడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆవిరి అరేబియా సముద్రం నుంచి వచ్చిందా, బంగాళాఖాతం నుంచి వచ్చిందా, ఎంత దూరం తిరిగి వచ్చింది, గుహలో ఉష్ణోగ్రత ఎంత, బొట్టు నేల మీద ఆరుతూ గట్టిపడిందా అన్నవన్నీ దాన్ని జరుపుతాయి. చైనాలో నాన్‌జింగ్ దగ్గరి హులూ గుహ స్టాలగ్మైట్ల మీద 2001లో వెలువడిన పరిశోధన, తూర్పు ఆసియా రుతుపవనాల ఒడిదుడుకులు గ్రీన్‌లాండ్ మంచుపొరల్లోని ఉష్ణోగ్రత మార్పులతో అడుగులో అడుగు వేశాయని చూపింది. ఆ పోలిక గట్టిది. అక్కడి ఆక్సిజన్ అంకెలు గుహ మీద పడిన వాన పరిమాణాన్ని చూపుతున్నాయా, విశాల ప్రాంతపు గాలుల తీరును చూపుతున్నాయా అన్న వాదం మాత్రం ఆ తరువాత చాలా ఏళ్ళు నడిచింది. కాబట్టి "ఇన్ని మిల్లీమీటర్ల వాన తగ్గింది" అని ఆక్సిజన్ రేఖ ఒక్కదాన్ని చూసి చెప్పేవారిని కొంచెం అనుమానించడమే మంచిది. బలంగా, బలహీనంగా అన్న పోలికకు ఆ రేఖ చాలు. అంకె చెప్పాలంటే మెగ్నీషియం, స్ట్రాన్షియం వంటి మూలకాలు, కాల్షియం ఐసోటోపులు, కాల్సైటులో చిక్కుకుపోయిన సూక్ష్మ నీటిబుడగలు కూడా సాక్ష్యం చెప్పాలి.

రాయిలో ఒకనాటి మొక్కల ఆనవాలు ఎలా ఉంటుంది?

కార్బన్ ద్వారా ఉంటుంది. ఇక్కడ మన పొలాలే మంచి ఉదాహరణ. వరి, పప్పుధాన్యాలు, దాదాపు అన్ని చెట్లు గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటాయి. వీటిని సీ-3 మొక్కలంటారు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, వేడి ప్రాంతాల గడ్డి జాతుల్లో అత్యధికం మరో పద్ధతిలో పట్టుకుంటాయి. ఇవి సీ-4 మొక్కలు. సీ-3 మొక్కల్లో బరువైన కార్బన్-13 పాలు, ప్రయోగశాలల్లో వాడే స్థిర ప్రమాణంతో పోలిస్తే, వెయ్యికి సుమారు 27 తక్కువగా ఉంటుంది. సీ-4 మొక్కల్లో సుమారు 12 లేదా 13 మాత్రమే తక్కువ. ఆ మొక్కల వేళ్ళు వదిలిన వాయువే బొట్టులో కరిగి గుహలోకి దిగుతుంది. అందుకే అడవి కింద పెరిగిన స్టాలగ్మైట్‌కూ గడ్డిమైదానం కింద పెరిగినదానికీ కార్బన్ అంకెల్లో తేడా వస్తుంది.

మొక్కల రకం మారకపోయినా అంకె మారవచ్చన్నది గుర్తుంచుకోవాలి. ఫ్రాన్స్ నైరుతిలోని విల్లార్ గుహలో, మంచుయుగపు చలి దెబ్బలు తగిలినప్పుడల్లా కార్బన్-13 పాలు పెరిగింది. అక్కడ సీ-4 గడ్డి వచ్చి పడలేదు. చలికి మట్టిలో ప్రాణం మందగించి, వేళ్ళ నుంచి వచ్చే తేలిక కార్బన్ తగ్గి, రాతి కార్బన్ వాటా పెరిగింది. ఎండాకాలం నీరు తక్కువై, బొట్టు గుహకు చేరకముందే పైపగుళ్ళలో కొంత సున్నాన్ని వదిలేసినా ఇదే ఫలితం వస్తుంది. అంటే ఒకే అంకెకు మూడు అర్థాలు ఉండవచ్చు. జొన్న చేనుకూ అడవి గడ్డికీ కార్బన్‌లో తేడా ఉండదు కాబట్టి, గత కొన్ని వేల ఏళ్ళ పొరల్లో అడవి తగ్గినట్టు కనిపిస్తే అది వాతావరణం పనా, గొడ్డలి పనా అన్నది ఈ అంకె తేల్చలేదు. అందుకే మొక్కల అవశేషాలనే నేరుగా వెతకాలి.

పుప్పొడి గుహలోకి ఎలా వస్తుంది? దాన్ని నమ్మవచ్చా?

గాలితో, వాననీటితో, జంతువుల ఒంటిని అంటుకుని, వాటి కడుపులో చేరి వస్తుంది. పుప్పొడి రేణువు పైగోడ చాలా గట్టిది. సరైన చోట వేల ఏళ్ళు చెక్కుచెదరదు. అయితే సున్నం ఎక్కువగా ఉండి గాలి బాగా ఆడే మట్టిలో అది నశిస్తుంది. గుహల్లో తరచుగా ఉండేది అటువంటి మట్టే. కాబట్టి పుప్పొడి దొరకనంత మాత్రాన మొక్కలు లేవని కాదు. మరో చిక్కు ఏమిటంటే గడ్డి జాతుల పుప్పొడి దాదాపు అంతా ఒకే తీరుగా గుండ్రంగా ఉంటుంది. వెదురునూ దర్భనూ విడదీయాలంటే ఫైటోలిత్‌లు చూడాలి. ఇవి మొక్కల కణాల్లో సిలికా గట్టిపడి ఏర్పడే అచ్చులు. ఆకు కుళ్ళిపోయినా మట్టిలో మిగులుతాయి.

పుప్పొడి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి ఇరాక్‌లోని షానిదార్ గుహ కథ ఒక్కటి చాలు. అక్కడ రాల్ఫ్ సొలెకి తవ్వకాల్లో బయటపడిన నాలుగో నియాండర్తల్ (అంతరించిన ఒక మానవ జాతి) అస్థిపంజరం చుట్టూ మట్టిలో పూల పుప్పొడి ముద్దలు ముద్దలుగా కనిపించింది. చనిపోయినవాణ్ణి పూలు పరిచి సాగనంపారన్న ఊహ ప్రపంచమంతా పాకింది. ఆ తరువాత అదే గుహలో బొరియలు చేసుకునే ఎలుక జాతి జంతువులు పూలను లోపలికి మోసుకుపోతాయని, నేలలో గూడు కట్టే తేనెటీగలు పుప్పొడిని దాచుకుంటాయని ఇతర పరిశోధకులు ఎత్తి చూపారు. పుప్పొడి ఉన్నమాట నిజం; దాన్ని ఎవరు తెచ్చారన్నదే ప్రశ్న. గుహ ఆధారాలన్నిటికీ ముందు వేయాల్సిన ప్రశ్న ఇదే.

గబ్బిలాల పెంట కూడా ఆధారమేనా?

చాలా మంచి ఆధారం. పొలానికి ఎరువుగా మనవాళ్ళకు పరిచయమున్న ఈ పెంట, పురుగులు తినే గబ్బిలాల గుహల్లో వేల ఏళ్ళపాటు మీటర్ల మందాన పేరుకుంటుంది. అందులో అరగని పురుగుల పెంకుల ముక్కలు ఉంటాయి. పురుగు ఏ ఆకు తిన్నదో దాని కార్బన్ ముద్ర పెంకులో ఉంటుంది. గబ్బిలం రాత్రంతా విశాలమైన ప్రాంతంలో వేటాడుతుంది కాబట్టి, ఒక చెట్టు కిందిది కాక ఆ పరిసరాలన్నిటి సగటు లెక్క వస్తుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనం ఈ పద్ధతితోనే, గత మంచుయుగంలో మలేసియా ద్వీపకల్పంలోనూ ఫిలిప్పీన్స్‌లోని పలావన్‌లోనూ అడవి బాగా కుంచించుకుపోయిందని, ఉత్తర బోర్నియోలో మాత్రం వర్షారణ్యం నిలిచిందని చూపింది. స్టాలగ్మైట్ కార్బన్‌లో ఉన్న రాతి కార్బన్ చిక్కు ఇక్కడ లేదు.

అమెరికా నైరుతి ఎడారుల్లో ఇదే పని ఒక రకం అడవి ఎలుక చేసిపెట్టింది. రాతి నెరెల్లో కొమ్మలు, ఆకులు, విత్తనాలు పోగేసి దాని మీదే మూత్రం పోస్తుంది. మూత్రం గడ్డకట్టి బంకలా పట్టి ఉంచడంతో ఆ పోగు పదివేల ఏళ్ళు దాటినా చెడదు. ఇప్పుడు ముళ్ళపొదలు తప్ప ఏమీ లేని చోట ఒకప్పుడు జూనిపర్ చెట్లు ఉండేవని ఈ పోగుల వల్లే తెలిసింది. మూత్రం కట్టిన గ్రంథాలయం అంటే నవ్వొస్తుంది గాని, ఆకును ఆకుగా చేతికిచ్చే ఆధారం ఇంతకన్నా దొరకడం కష్టం.

తెలుగు నేల మీద గుహల నుంచి ఏం తెలిసింది?

అన్నిటికన్నా పాత కథ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ వీటిలోని ఎముకల గురించి రాశాడు. ఆ తరువాత 1880లలో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను శిలాజాల నిపుణుడు రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. వాటిలో ఖడ్గమృగం ఉంది. ఇవాళ ఎర్రటి ఎండకు బండలు మండే ఆ గట్ల మధ్య ఒకప్పుడు ఖడ్గమృగం మేసిందంటే, కనీసం లోయల్లోనైనా నీరు, పచ్చిక ఉండి ఉండాలి. కర్నూలు పేరు శాస్త్రీయ నామంగా ఆ జంతువుకు తగిలించడం లిడెకర్ పనే.

అయితే ఎముకలను చూసి వెంటనే వాతావరణం రాసేయకూడదని 2014లో వెలువడిన పరిశోధన నేర్పింది. బిల్లసర్గం పొరలకు కొత్తగా వయసు కట్టి చూస్తే, గుర్తించిన 21 క్షీరద రకాల్లో 20 కనీసం లక్ష ఏళ్ళ నుంచి, కొన్ని రెండు లక్షల ఏళ్ళ నుంచి ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయి. ఈ మధ్యలో మంచుయుగం వచ్చి పోయింది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి, దాని బూడిద నంద్యాల ప్రాంతంలోని జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయ దాకా వచ్చి పడింది. అయినా పెద్దగా వంశనాశనం జరగలేదు. కొన్ని జంతువులు ఒక చోటు వదిలి మరో చోట బతికాయి. పెద్ద జంతువు పలు రకాల నేలల్లో సర్దుకుపోగలదు. అది ఉండటమో లేకపోవడమో వాతావరణానికి ముతక కొలమానం మాత్రమే. గుడ్లగూబ ఉమ్మిన ముద్దల్లో దొరికే ఎలుకల, చుంచుల పళ్ళు ఇంకాస్త సూక్ష్మంగా చెబుతాయి, ఎందుకంటే వాటి బతుకు చిన్న పరిధిలోనే సాగుతుంది.

ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి జరిపిన తవ్వకాల్లో దొరికిన పాతరాతియుగపు పొయ్యికి సుమారు 17,000 ఏళ్ళ వయసు కట్టారు. గవి అన్న మాట ఆ ప్రాంతంలో గుహకు వాడుకలో ఉన్నదే. బెలుం పేరును కూడా బిలం నుంచి వచ్చిందనే చెబుతారు. ఇక దక్షిణ భారతంలోని వాల్మీకి గుహ స్టాలగ్మైట్ సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ళ మధ్య రుతుపవనాల హెచ్చుతగ్గులను నమోదు చేసింది. ఆ వెయ్యేళ్ళ మార్పులు కూడా తూర్పు ఆసియా రుతుపవనాలతో, గ్రీన్‌లాండ్ మంచులోని మార్పులతో కాలం విషయంలో కలిశాయి.

మేఘాలయ పేరుతో భూచరిత్రలో ఒక యుగమే ఉందట, నిజమేనా?

నిజమే. సోహ్రా, అంటే చిరపుంజి, దగ్గరి మామ్లూ గుహలోని ఒక స్టాలగ్మైట్‌ను ఆధారంగా తీసుకుని, సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి ఇప్పటి వరకు సాగుతున్న కాలానికి 2018లో మేఘాలయన్ అని అధికారికంగా పేరు పెట్టారు. ఆ సమయంలో ఆ స్టాలగ్మైట్‌లో రుతుపవనాల బలహీనతను సూచించే మార్పు కనిపిస్తుంది. సింధు నాగరికత పట్టణాలు క్షీణించిన కాలం కూడా దానికి దగ్గరదే కావడంతో, కరువే వాటిని కూల్చిందన్న మాట పత్రికల్లో స్థిరపడిపోయింది.

ఉత్తరాఖండ్‌లోని ధరమ్‌జలీ గుహ స్టాలగ్మైట్ మీద 2023లో వచ్చిన అధ్యయనం మరింత వివరంగా ఉంది. 4,200 నుంచి 3,970 ఏళ్ళ కిందటి మధ్య ఒక్కసారిగా కాక మూడు విడతలుగా, ఒక్కో విడత 25 నుంచి 90 ఏళ్ళ దాకా, వర్షాభావం వచ్చిందని, వేసవి వానలతో పాటు చలికాలపు వానలూ తగ్గాయని ఆ పొరలు చెప్పాయి. తరాల తరబడి ఉన్న కరువుకు జనం ఊళ్ళు మారడం, పంటలు మార్చుకోవడం సహజం. కూలిపోవడం అన్న మాట కన్నా ఇదే ఆ ఆధారానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

రాతల్లో ఉన్న కరువులు గుహల్లో కనిపిస్తాయా?

బస్తర్‌లోని కాంగేర్ లోయలో, మన సరిహద్దుకు దూరం కాని దండక్ గుహలో, క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల చరిత్ర దొరికింది. అది 2007లో ప్రచురితమైంది. పద్నాలుగో, పదిహేనో శతాబ్దాల్లో ఏళ్ళ తరబడి సాగిన వర్షాభావాలు అందులో కనిపిస్తాయి. దక్కనులో 1396 నుంచి 1407 వరకు సాగిందని చెప్పుకునే దుర్గాదేవి కరువు ఆ కాలానిదే. గుహ చెప్పేది వాన తగ్గిందన్నంత వరకే. పన్నులు ఎలా వసూలు చేశారు, ధాన్యం ఎవరి గాదెల్లో ఉంది, ఏ సైన్యం ఏ దారిన నడిచింది అన్నవి కైఫీయతులూ శాసనాలూ చెప్పాలి. వర్షాభావం ఆకాశం నుంచి వస్తుంది. కరువు సగం నేల మీదే తయారవుతుంది.

పరిశోధన కోసం స్టాలగ్మైట్లను విరగ్గొట్టడం సరైనదేనా?

ఈ ప్రశ్న వేసేవారి బాధ న్యాయమైనదే. విరిగిన ముక్కకు మళ్ళీ ఆ ఎత్తు రావాలంటే వేల ఏళ్ళు కావాలి. అందుకే ఇప్పుడు అప్పటికే పడిపోయి ఉన్నవాటిని ఎంచుకోవడం, సన్నటి డ్రిల్లుతో పెన్సిలంత కడ్డీ మాత్రమే తీసి రంధ్రం పూడ్చడం, తీసినదాన్ని సగానికి కోసి ఒక సగం భావి పరిశోధనకు దాచడం మంచి పద్ధతులుగా స్థిరపడ్డాయి. తీయడానికి ముందు ఏడాదో రెండేళ్ళో బొట్ల వేగం, గుహ గాలి, తేమ కొలిస్తే, ఏ స్టాలగ్మైట్ బయటి వానను నిజాయితీగా నమోదు చేస్తోందో ముందే తెలుస్తుంది, అనవసరంగా మరొకటి కోయనక్కరలేదు.

పరిశోధకుడి రంపం కన్నా ఎక్కువ నష్టం వేరే చోట్ల నుంచి వస్తుంది. సున్నపురాతి గనులు గుహనే తీసుకుపోతాయి. దీపాల వెలుగుకు రాళ్ళ మీద పాచి పెరుగుతుంది. సందర్శకుల చేతి జిడ్డు అంటుకున్న చోట కొత్త పొర సరిగ్గా పట్టదు. ఎరువు కోసం పెంట తవ్వితే పొరల వరుస పోతుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో రాంపార్ట్ గుహ అనేది ఒకటి ఉంది. అంతరించిపోయిన నేల స్లాత్ జంతువు పేడ అందులో వేల ఏళ్ళుగా పొరలు పొరలుగా ఎండి నిలిచింది, ఆ జంతువు ఏ మొక్కలు మేసిందో పరిశోధకులు అందులోంచే గుర్తించారు. 1976లో లోపల నిప్పు అంటుకుని ఆ పేడలో చాలా భాగం నెలల తరబడి కాలిపోయింది.